సముద్రపు గోడ ఇచ్చే ఆరు నిమిషాల గడువు

జపాన్ ఈశాన్య తీరంలో తారో అనే చిన్న ఊరు ఉంది. 1896లో వచ్చిన సునామీ ఆ ఊళ్లో 1,859 మందిని పొట్టన పెట్టుకుంది. బతికినవాళ్లు మళ్లీ అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. 1933లో సముద్రం మళ్లీ ఊరి మీద పడింది. ఈసారి 911 మంది పోయారు. ఆ మరుసటి ఏడాదే గోడ పని మొదలైంది. యుద్ధం వచ్చి ఆగింది, యుద్ధం ముగిశాక మళ్లీ సాగింది. 1958లో మొదటి గోడ పూర్తయింది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో సముద్రం వైపు మరికొన్ని గోడలు చేరాయి. చివరికి సముద్రమట్టానికి 10 మీటర్ల ఎత్తు, మొత్తం కలిపితే 2.4 కిలోమీటర్ల పొడవు. పైనుంచి చూస్తే ‘ఎక్స్’ అక్షరంలా కనిపించే ఆ గోడను దేశదేశాల నుంచి ఇంజనీర్లు వచ్చి చూసి వెళ్లేవారు.

2011 మార్చి 11 మధ్యాహ్నం 9.0 తీవ్రతతో భూమి కంపించింది. కాసేపటికి సముద్రం ఆ గోడల మీదుగా ఊళ్లోకి దూకింది. తూర్పు వైపు గోడ కూలింది. తారోలో సుమారు 180 మంది చనిపోయారు.

ఇంత గోడ ఉన్నా ఆగలేదంటే ఇక గోడలెందుకు అని చాలామంది అప్పట్లో అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అదే రోజు, అదే తీరంలో, తారోకు ఉత్తరాన ఉన్న ఫుదాయ్ అనే ఊళ్లో 15.5 మీటర్ల ఎత్తున్న కట్టడం వెనుక ఉన్న ఇళ్లలో ఒక్కటీ కొట్టుకుపోలేదు. ఒకేరోజు ఒక గోడ ఓడింది, ఇంకో గోడ నిలిచింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప గోడ సునామీని ఆపుతుందా లేదా అన్నదానికి సరైన జవాబు దొరకదు.

ముందు సునామీ అంటే ఏమిటో తేటగా చూడాలి. మన మనసులో ఉన్న బొమ్మ తుపాను అలది. తుపాను అల లేచి, విరిగి, వెనక్కి పోతుంది. దాని వెనుక ఇంకొకటి వస్తుంది. రెంటికీ మధ్య పదో ఇరవయ్యో సెకన్లు. అలాంటి అలకు రాతి గోడ చాలు, దెబ్బను కాచుకుంటుంది. సునామీ అల అలా విరిగి పోయేది కాదు. సముద్రపు అడుగు ఒక్కసారిగా పైకి లేచినప్పుడు దాని మీదున్న మొత్తం నీటి మట్టమే కదులుతుంది. ఒక అల తలకూ తర్వాతి అల తలకూ మధ్య దూరం వంద కిలోమీటర్లు దాటవచ్చు. 4,000 మీటర్ల లోతున్న చోట అది గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంత వేగంతో పోతున్నా నడిసముద్రంలో దాని ఎత్తు ఒక మీటరు కూడా ఉండకపోవచ్చు. ఓడ మీద ఉన్నవాళ్లకు తెలియనైనా తెలియదు.

తీరం దగ్గర పడేకొద్దీ లోతు తగ్గుతుంది. లోతు తగ్గితే వేగం తగ్గుతుంది. ముందున్న నీరు నెమ్మదిస్తే వెనుక నుంచి వస్తున్న నీరు దాని మీదకు ఎక్కుతుంది. అలా ఎత్తు పెరుగుతుంది. పది మీటర్ల లోతుకు వచ్చేసరికి వేగం గంటకు 36 కిలోమీటర్లే, కానీ అల వెనుక కిలోమీటర్ల కొద్దీ నీరు తోసుకొస్తూ ఉంటుంది. కాబట్టి తీరానికి చేరాక ఒక్క దెబ్బ కొట్టి తగ్గదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు అలా పెరుగుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి సముద్రమే పది మీటర్లు ఎత్తయి ఊరి వైపు నడిచొచ్చినట్టు ఊహించుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు దానికి అడ్డంగా గోడ పెట్టామనుకుందాం. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు. నిలిచిన నీరు గోడను తోసే బలం ఎత్తుతో సమానంగా పెరగదు. నీటి మట్టం రెట్టింపైతే ఆ తోపు నాలుగు రెట్లవుతుంది, గోడను మొదలంటా పడదోసే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. నీరు కదులుతూ వస్తున్నప్పుడు దాని తాకిడి దీనికి అదనం. అందుకే గోడను ఎత్తు చేయడమంటే పైన నాలుగు వరసలు పేర్చడం కాదు, కింద పునాదినీ పక్కకు బోలెడంత పెంచాలి. 2011 తర్వాత కెసెన్నుమా దగ్గర కొయిజుమిలో కట్టిన కట్ట ఎత్తు 14.7 మీటర్లు. దాని అడుగు వెడల్పు 90 మీటర్లు.

ఆ రోజు గోడలు ఎలా కూలాయన్నది మరీ ముఖ్యం. ఎదురు దెబ్బకు పగిలిపోయినవాటికన్నా, మీదుగా పొర్లి ఊరి వైపు పడిన నీటికి కూలినవే చాలా చోట్ల కనిపించాయి. చెరువు కట్ట సంగతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అలుగు మీదుగా పారితే చెరువుకు ఏమీ కాదు, అక్కడ రాయి పరిచి ఉంటుంది. కట్ట మీదుగా పొర్లితే మాత్రం వెనుక వైపు మట్టి కోసుకుపోయి కట్ట తెగుతుంది. సముద్రపు గోడకూ అంతే. పైనుంచి దూకిన నీరు ఊరి వైపు పునాది దగ్గర మట్టిని తవ్వేసింది. కాళ్ల కింద నేల పోయాక ముందు నుంచి సముద్రం తోస్తుంటే గోడ వెనక్కి ఒరిగింది. ఇంకొన్ని చోట్ల, ఊళ్లోకి వచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి లాక్కుపోయేటప్పుడు గోడలు సముద్రం వైపు పడ్డాయి. ఆ వైపు నుంచి అంత బలం వస్తుందని వాటిని కట్టినవాళ్లు అనుకోలేదు.

దీనికి తోడు ఇంకొకటి జరిగింది. భూకంపానికి తీరపు నేలే కుంగింది. ఒషికా ద్వీపకల్పం దగ్గర 1.2 మీటర్ల మేర దిగింది. నేల దిగితే దాని మీదున్న గోడా దిగుతుంది. కాగితం మీద ఎంత ఎత్తని రాసుకున్నారో, అల వచ్చే వేళకు అంత ఎత్తు లేదు.

కమైషి ఊరి కథ ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ గోడను ఊరి ముందు కట్టలేదు, ఏకంగా అఖాతం ముఖద్వారంలో, సముద్రం లోపల కట్టారు. 63 మీటర్ల లోతు నుంచి లేచిన ఆ బ్రేక్‌వాటర్ ప్రపంచంలోకెల్లా లోతైనదిగా గిన్నిస్ రికార్డుకెక్కింది. 30 ఏళ్లు పట్టింది, 12,000 కోట్ల యెన్లకు పైగా ఖర్చయింది. 2009లో పూర్తయింది. రెండేళ్లకే సునామీ దాన్ని ముక్కలు చేసింది. కమైషిలో సుమారు వెయ్యి మంది చనిపోయారు, కొందరి జాడే దొరకలేదు.

ఇంత డబ్బు సముద్రంలో పోశారన్న కోపం వచ్చింది, న్యాయమైన కోపమే. కానీ ఆ తర్వాత జపాన్ ఓడరేవుల పరిశోధన సంస్థ లెక్కలు వేసి చూసింది. ఆ బ్రేక్‌వాటర్ లేకపోయి ఉంటే రేవు దగ్గర అల 13.7 మీటర్లు ఉండేది, ఉండడం వల్ల 8 మీటర్లకు తగ్గింది. భూకంపం వచ్చిన 28 నిమిషాలకు ఊరి గట్టు దాటాల్సిన నీరు 34 నిమిషాలకు దాటింది. ఆరు నిమిషాలు ఆలస్యం.

ఈ ఆరు నిమిషాల దగ్గరే నేను ఆగిపోయాను. నడవలేని తల్లిని వీపున వేసుకుని మెట్లెక్కే మనిషికి ఆరు నిమిషాలంటే ప్రాణం. భయపడాల్సిందేమీ లేదని ఇంట్లో కూర్చున్న మనిషికి అవి దేనికీ పనికిరావు. గోడ గురించి నడిచే వాదనలన్నీ ఎత్తు చుట్టూ తిరుగుతాయి. ఎంత గడువు ఇస్తుంది, ఆ గడువులో గోడ వెనుక ఉన్న మనిషి ఏం చేస్తాడు అన్న ప్రశ్నే అసలుదని నా నమ్మకం.

2011లో గోడల వెనుక ఉన్నవాళ్లు ఏం చేశారో చూడండి. భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే వాతావరణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. అయితే అప్పటికి అందిన కొలతలను బట్టి తీవ్రత 7.9 అనుకుంది. మియాగి జిల్లాకు 6 మీటర్లు, తారో, కమైషి ఉన్న ఇవతే జిల్లా తీరానికి 3 మీటర్ల అల అని చెప్పింది. ఇవతేలో 10 మీటర్ల గోడ వెనుక ఉన్న మనిషి ఆ మాట వింటే ఏమనుకుంటాడు? మూడు మీటర్లే కదా, మనకు పది మీటర్ల గోడ ఉంది కదా అనుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు, అది సాదా లెక్క. అరగంటకు అంకెలు పెంచారు, కానీ అప్పటికే కరెంటు పోయి చాలామందికి ఆ రెండో మాట చేరలేదు. ఆ అనుభవంతో 2013 నుంచి జపాన్ పద్ధతి మార్చింది. భూకంపం మరీ పెద్దదైతే మొదటి హెచ్చరికలో మీటర్ల లెక్కే చెప్పరు. ‘అతి భారీ’ అని మాత్రం చెబుతారు. అంకె చెవిన పడగానే మనిషి దాన్ని గోడ ఎత్తుతో పోల్చి చూసుకుంటాడని తెలిసొచ్చింది.

గోడ మనుషుల ఆలోచనను మార్చినట్టే ఊరి రూపాన్నీ మారుస్తుంది. తారో మొదటి గోడను గీసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అది నీటికి ఎదురొడ్డి నిలిచే గోడగా కాక, వచ్చిన నీటిని రెండు పక్కల ఉన్న ఏళ్ల వైపు మళ్లించేలా వంచి కట్టారు. ఊళ్లో వీధులను తిన్నగా కొండల వైపు వేశారు. మలుపుల దగ్గర చూపుకు అడ్డు లేకుండా ఇళ్ల మూలలను చెక్కినట్టు వదిలేశారు, చీకట్లో పరుగెత్తేవాళ్లు ఒకరినొకరు గుద్దుకోకుండా. ఆ గోడ పని గడువు ఇవ్వడం, వీధుల పని మనుషుల్ని గుట్ట ఎక్కించడం. తర్వాత సముద్రం వైపు కొత్త గోడలు లేచాక, పాత గోడకూ కొత్త గోడకూ మధ్య ఉన్న నేల భద్రమైనదిగా అనిపించింది. అక్కడ ఇళ్లు వెలిశాయి. 2011లో తూర్పు వైపు కూలింది ఆ కొత్త గోడే, తుడిచిపెట్టుకుపోయినవి ఆ ఇళ్లే. 1958 నాటి మొదటి గోడ నిలబడింది.

ఇవతే, మియాగి తీరాల్లో గత సునామీల నష్టాలను గోడల ఎత్తుతో పోల్చిన ఒక గణాంక పరిశోధన కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. 5 మీటర్లు దాటిన గోడలున్న చోట మరణాలూ నష్టమూ తగ్గాయి. అంతకన్నా పొట్టి గోడలతో ఆ మేలు కనిపించలేదు. గోడ చూసుకుని జనం ముప్పున్న నేల మీదకు చేరడం ఒక కారణం కావచ్చు. చిన్న గోడ ఎంతో కొంత నయమే అన్నది ఇక్కడ చెల్లే మాట కాదు. కొన్ని చోట్ల చిన్న గోడ కన్నా ఖాళీ తీరమే మేలు.

మరి ఫుదాయ్‌లో ఏం జరిగింది? అక్కడి గ్రామ పెద్ద కొతొకు వామురా 1933 సునామీని కళ్లారా చూసిన మనిషి. 1896లో తమ తీరంలో నీరు 15 మీటర్లు లేచిందని పెద్దలు చెప్పగా విన్నాడు. అంత ఎత్తు అక్కర్లేదని ఎందరు అడ్డుపడినా, ఖర్చు దండగ అని ఎంత విమర్శించినా ఆ అంకె దగ్గర నుంచి కదల్లేదు. 1984లో ఏటి ముఖాన 15.5 మీటర్ల ఎత్తైన గేట్ల కట్టడం పూర్తయింది. 2011లో నీరు దాని మీదుగా కూడా కొంత పొర్లింది. కానీ ఇళ్లదాకా రాకముందే ఆగిపోయింది. పడవ చూసుకోవడానికి గేటు అవతలికి వెళ్లిన ఒక మనిషి మాత్రం తిరిగి రాలేదు. తన కట్టడం ఊరిని కాపాడడం వామురా చూడలేదు, 1997లోనే చనిపోయాడు.

ఇందులో వామురా పట్టుదల ఎంత ఉందో నేల తీరు కూడా అంతే ఉంది. ఫుదాయ్ ఇరుకైన లోయలో ఉంది. రెండు కొండల మధ్య దాదాపు 200 మీటర్ల సందు మూసేస్తే ఊరు మూసేసినట్టే. కొండలే గోడకు రెండు చివరలు. విశాలమైన సెండాయ్ మైదానంలో అలాంటి సందు ఎక్కడుంది? అక్కడ ఎంత పొడవున కట్టాలి? అలాగే మాల్దీవుల రాజధాని మాలే లాంటి పల్లపు దీవిలో ఎక్కడానికి గుట్టే లేదు. 1987లో సముద్రం పొంగి నగరాన్ని ముంచాక జపాన్ సాయంతో చుట్టూ కట్టిన రక్షణ గోడ 2004 సునామీ నాడు నష్టాన్ని బాగా తగ్గించింది. అక్కడ వచ్చిన అల ఎత్తు తక్కువన్నది మరచిపోకూడదు. ఒక తీరంలో ఒప్పైన గోడ ఇంకో తీరంలో దండగ కావచ్చు. అందుకే గోడలు మంచివా చెడ్డవా అని ఒక్క మాటలో అడిగితే ఎవరూ నిజాయితీగా జవాబు చెప్పలేరు.

ఎత్తు ఎంతన్నది చివరికి జ్ఞాపకం ఎంత వెనక్కి పోతుందన్న ప్రశ్న. ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రంలో అనుకున్న సునామీ ఎత్తు 5.7 మీటర్లు, వచ్చింది 14 మీటర్లకు పైగా. భూకంప కేంద్రానికి అంతకన్నా దగ్గరలో ఉన్న ఒనగావా అణు కేంద్రాన్ని 14.8 మీటర్ల ఎత్తున్న నేల మీద కట్టారు. నేల ఒక మీటరు కుంగినా, 13 మీటర్ల అల వచ్చినా గట్టెక్కింది. ఒనగావా ఎత్తు నిర్ణయించేటప్పుడు యానొసుకే హిరాయ్ అనే ఇంజనీరు 869వ సంవత్సరపు జోగన్ సునామీని గుర్తు చేసి, ఎత్తు తగ్గించడానికి ఒప్పుకోలేదు. వెయ్యేళ్లనాటి అల అది. సెండాయ్ మైదానంలో తీరం నుంచి కిలోమీటర్ల లోపల మట్టి పొరల కింద దాని ఇసుక దొరుకుతుంది.

అలాగని ప్రతి ఊరికీ వెయ్యేళ్లకోసారి వచ్చే అలను ఆపే గోడ కట్టగలమా? కట్టలేం. 2011 తర్వాత జపాన్ ఇంజనీర్లు ఆ సంగతి బహిరంగంగా ఒప్పుకున్నారు. సునామీలను రెండు రకాలుగా విడదీశారు. కొన్ని పదుల ఏళ్లకో, వందా వందన్నర ఏళ్లకో వచ్చేది మొదటి రకం, దాన్ని గోడ ఆపాలి. అయిదు వందల నుంచి వెయ్యేళ్లకోసారి వచ్చేది రెండో రకం, దాన్ని గోడతో ఆపలేం, మనుషులే గుట్ట ఎక్కాలి. కాకపోతే ఆ రెండో రకానికి కూడా గోడ పొర్లినా వెంటనే కూలకూడదు. ఊరి వైపు వాలుకు కాంక్రీటు పరచడం, వెనుక పునాదిని గట్టిపరచడం ఇందుకే. అంటే కట్ట మొత్తాన్నీ అలుగులా కట్టడమన్నమాట. ఓడిపోయేటప్పుడు కూడా నెమ్మదిగా ఓడిపోయేలా కట్టాలన్న ఈ ఆలోచన నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా విలువైనదిగా తోచింది.

ఈ లెక్కతో ఈశాన్య తీరంలో దాదాపు 400 కిలోమీటర్ల మేర గోడలకు పథకం వేశారు. ఖర్చు అంచనా లక్షా 35 వేల కోట్ల యెన్లు. అన్ని ఊళ్లూ సంతోషంగా ఒప్పుకోలేదు. సముద్రం మీద బతికేవాళ్లకు సముద్రం కనబడకపోతే ఎలా అన్నారు. ఇది అందం గురించిన బాధ మాత్రమే కాదు. నీరు వెనక్కి తగ్గడం, రంగు మారడం, దూరాన తెల్లటి గీత లేవడం కంటితో చూసి పరుగు తీసినవాళ్లున్నారు. గోడ ఆ చూపును మూసేస్తుంది. కెసెన్నుమాలో గోడలకు కిటికీలు పెట్టారు. ఒత్సుచిలోని అకహమ వాసులు 14.5 మీటర్ల గోడ వద్దని, పాత 6.4 మీటర్ల ఎత్తే చాలని, తామే ఎత్తైన చోటికి జరుగుతామని తేల్చి చెప్పారు.

గోడకు తలుపులుంటాయన్న సంగతి కూడా మరవకూడదు. చేపల రేవుకు దారి కావాలి, ఏరు పారాలి. భూకంపం రాగానే ఎవరో ఒకరు వెళ్లి ఆ గేట్లు మూయాలి, అంటే అందరూ కొండ వైపు పరుగెడుతుంటే ఒకరు సముద్రం వైపు పరుగెత్తాలి. 2011లో మూడు జిల్లాల్లో 250 మందికి పైగా స్వచ్ఛంద అగ్నిమాపక సభ్యులు చనిపోయారు లేదా గల్లంతయ్యారు. గేట్లు మూయడానికి వెళ్లినవాళ్లూ వారిలో పదుల సంఖ్యలో ఉన్నారు. గోడ ఖర్చు లెక్కేసేటప్పుడు వాళ్లనూ ఆ లెక్కలో రాయాలి. ఇప్పుడు చాలా గేట్లను దూరం నుంచే మూసే ఏర్పాట్లు చేశారు.

గోడకు అందని తీరాలు కొన్ని ఉన్నాయి. జపాన్ నైరుతి తీరానికి ఎదురుగా సముద్రపు అడుగున ఉన్న నన్‌కాయ్ లోయలో పెద్ద భూకంపం వస్తే కురోషియో పట్టణానికి 34.4 మీటర్ల అల రావచ్చని 2012లో ప్రభుత్వ అంచనా వెలువడింది. అంత ఎత్తు గోడను ఎవరూ ఊహించరు. అక్కడ ఎత్తైన రక్షణ గోపురాలు కట్టారు, గుట్టలెక్కే మెట్ల దారులు వేశారు. 1993లో ఒకుషిరి దీవిని అల చేరడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. అలాంటి చోట హెచ్చరిక కోసం ఆగితే ఆలస్యమే, నేల కదలడమే హెచ్చరిక. సెండాయ్‌లో ఇంకో పాఠం దొరికింది. తీరానికి కొన్ని కిలోమీటర్ల లోపల, ఎత్తైన మట్టి కట్ట మీద వేసిన ఎక్స్‌ప్రెస్ రోడ్డు చాలా చోట్ల నీటిని ఆపింది. పొలాల్లోంచి పరుగెత్తి వచ్చినవాళ్లు దాని మీదకెక్కి బతికారు. దాన్ని సునామీ కోసం కట్టనేలేదు.

కమైషిలోనే, ఉనొసుమాయ్ అనే పేటలో బడి పిల్లల సంగతి కూడా చెప్పాలి. ముంపు పటం ప్రకారం వాళ్ల బడి ముప్పు లేని చోట ఉంది. కానీ పటాన్ని నమ్మవద్దని, ఎవరి కోసమూ ఆగకుండా ఎత్తుకు పరుగెత్తమని వాళ్లకు ఏళ్ల తరబడి నేర్పించారు. భూమి కంపించగానే పెద్ద తరగతుల పిల్లలు పరుగందుకున్నారు. మూడో అంతస్తులోకి చేరిన చిన్న బడి పిల్లలు వాళ్లను చూసి కిందికి దిగి వెంటపడ్డారు. మొదట ఆగిన చోట వెనుక కొండ చరియ విరిగిపడుతుండడం చూసి ఇంకా పైకి, అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్లారు. బడి భవనాలు మునిగిపోయాయి. మొదట ఆగిన చోటూ మునిగింది. ఆ పరుగులో ఉన్న పిల్లలు బతికారు.

తారోలో ఇప్పుడు కొత్త గోడ లేచింది, ఎత్తు 14.7 మీటర్లు. దాని దగ్గరలోనే ఆరంతస్తుల పాత హోటల్ భవనాన్ని ఆనాడు ఎలా ఉందో అలాగే ఉంచారు. కింది రెండు అంతస్తుల్లో ఇనుప స్తంభాలు తప్ప గోడలు లేవు. ఇళ్లు పోయిన చాలా కుటుంబాలు ఊరి పక్క గుట్ట మీద కొత్త పేట కట్టుకున్నాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లపు నేలలో నివాసాలకు అనుమతి లేదు. ఒకప్పుడు ఇళ్లున్న ఆ పల్లంలో ఇప్పుడు బేస్‌బాల్ మైదానం ఉంది.